పాఠకుల ప్రశ్నలు: టవర్ నెట్ అందరికీ సమానంగా ఎందుకు పంచదు?

వైర్‌లెస్ నెట్‌వర్కుల గురించి కిందటి సంచికలో ఇచ్చిన జవాబు చదివి గోదావరి జిల్లాల నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. అన్నీ చివరికి పంపకం గొడవే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: సార్, మాది అంతర్వేది దగ్గర పల్లె. టవర్‌కి బాగా దూరం. మామూలు రోజుల్లో నెట్ ఏదోలా వస్తుంది కానీ భీష్మ ఏకాదశి తీర్థానికి జనం దిగితే ఫోన్లో సిగ్నల్ చూపిస్తూనే ఉంటుంది, వాట్సాప్‌లో ఒక్క ఫొటో తెరుచుకోదు. టవర్ పక్కన దిగినవాళ్లకి మాత్రం బాగానే వస్తోందంటారు. మా శివారు పొలాలకి కాలువ నీళ్లు అందనట్టే ఇదీనూ. అందరం ఒకే రీచార్జి చేయించుకుంటున్నాం కదా, టవర్ అందరికీ సమానంగా ఎందుకు పంచదు?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: ముందు సిగ్నల్ సంగతి. ఫోన్లో కనపడే గీతలు టవర్ మీకు ఎంత గట్టిగా వినపడుతోందో చెబుతాయి, అంతే. ఆ టవర్ దగ్గర మీతోపాటు ఎంతమంది క్యూలో ఉన్నారో వాటికి తెలియదు. తీర్థం రోజున మీకు కరువైంది సిగ్నల్ కాదు, వంతు.

ఇప్పుడు సమానం మాట. లెక్క వేస్తేనే ఇది తేలుతుంది, కాస్త ఓపిక పట్టండి. టవర్ కింద ఇద్దరే ఉన్నారనుకుందాం. దగ్గరున్నాయనకి టవర్ తన టైమంతా ఇచ్చేస్తే 20 ఎంబీపీఎస్ వస్తుంది. మీకు టైమంతా ఇచ్చినా 2 ఎంబీపీఎస్ దాటదు, ఎందుకంటే దూరం వెళ్లేకొద్దీ సిగ్నల్ బలహీనపడి, తప్పులు రాకుండా పంపాలంటే టవర్ ఒక్కో విడతలో తక్కువ బిట్లే పెట్టగలదు. మొత్తం ఎక్కువ రావాలి అనే ఒక్కటే చూసుకుంటే టవర్ ఆయనకే అంతా ఇచ్చేస్తుంది: ఆయనకి 20, మీకు సున్నా. అది అన్యాయం, దాని మీద చర్చ అక్కర్లేదు. సరే, మీరడిగినట్టు ఇద్దరికీ ఒకే స్పీడు ఇద్దామంటే టవర్ తన టైములో 11 వంతులకి 10 మీకే ఖర్చు పెట్టాలి, అప్పుడు చెరో 1.8 వస్తుంది, మొత్తం కలిపినా 4 లేదు. మీరు గట్టెక్కినట్టే కానీ ఆయన 20 నుంచి 1.8కి పడిపోయాడు. మూడో దారి, టైమును చెరిసగం చేయడం. ఆయనకి 10, మీకు 1.

ఈ మూడో దారికి గట్టి పునాది ఉంది. జాన్ నాష్ అనే అమెరికన్ గణితవేత్త 1950లో బేరం గురించి ఒక వ్యాసం రాశారు. బేరానికి కూర్చున్న ఇద్దరూ ఒప్పుకోదగిన పంపకానికి ఉండాల్సిన లక్షణాలేమిటో ముందు రాసుకుని, వాటన్నిటినీ తీర్చే పంపకం ఒక్కటే ఉంటుందని నిరూపించారు: ఇద్దరికీ వచ్చే లాభాలను గుణిస్తే ఏది ఎక్కువ వస్తుందో అది. మన లెక్కలో పెట్టి చూడండి. 20ని సున్నాతో గుణిస్తే సున్నా. 1.8ని 1.8తో గుణిస్తే సుమారు 3.3. 10ని 1తో గుణిస్తే 10. గుణకారంలో ఎవరికి సున్నా వచ్చినా మొత్తం సున్నా అయిపోతుంది కాబట్టి చివర్లో ఉన్నవాణ్ణి పూర్తిగా వదిలేసే పంపకం ఎప్పటికీ గెలవదు. నాకు ఈ సూత్రంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. 1998లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్ కెల్లీ, ఆయన సహచరులు పెద్ద నెట్‌వర్కుల పంపకానికి ఇదే సూత్రాన్ని నిలబెట్టారు, దానికి ప్రపోర్షనల్ ఫెయిర్‌నెస్ అని పేరు.

4జీ టవర్‌లో షెడ్యూలర్ అనే ప్రోగ్రామ్ ప్రతి మిల్లీసెకనుకీ ఈ పంపకం చేస్తుంది. 10 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ ఉంటే దాన్ని 180 కిలోహెర్ట్జ్ చొప్పున 50 ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరికివ్వాలో నిర్ణయిస్తుంది. చాలాచోట్ల వాడే పద్ధతి ఇది: ప్రతి ఫోనుకీ ఈ క్షణంలో ఎంత స్పీడు ఇవ్వగలమో చూసి, దాన్ని ఆ ఫోనుకి ఇప్పటిదాకా సగటున అందిన స్పీడుతో భాగిస్తారు, ఎవరి భాగఫలం పెద్దదో ముక్క వాళ్లది. చాలాసేపు ఏమీ అందకపోతే మీ సగటు తగ్గిపోతుంది, దాంతో భాగఫలం పెరిగి వంతు మీ దగ్గరికి వచ్చి తీరుతుంది. పైగా సిగ్నల్ క్షణక్షణానికీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, మీకు బాగున్న క్షణం చూసే ఇస్తుంది.

కాలువ పోలిక మీరే తెచ్చారు, బాగా కుదిరింది. దాళ్వాలో నీటి ఎద్దడి వస్తే వంతులు పెడతారు కదా, వంతు పెట్టడమంటే టైము పంచడం. దారిలో ఇంకిపోయింది ఇంకిపోగా మిగిలిందే శివారుకి చేరుతుంది. టవర్ చేసేదీ అదే, మీకు పంచేది టైము. మీ వంతులో మీదాకా ఎన్ని బిట్లు చేరతాయో దూరం తేలుస్తుంది. నా మటుకు ఈ పంపకం న్యాయమైనదే, కానీ న్యాయంగా పంచినంత మాత్రాన లేనిది పుట్టుకురాదు. తీర్థం రోజున మీ టవర్ మీద 200 మంది ఒకేసారి నెట్ లాగుతుంటే మీ 2 ఎంబీపీఎస్‌లో 200వ వంతు, అంటే 10 కేబీపీఎస్ మీకొస్తుంది. 2 ఎంబీ ఫొటో దిగడానికి 26 నిమిషాలు దాటుతుంది. దీనికి మందు షెడ్యూలర్‌లో లేదు. తీర్థం నాలుగు రోజులకీ బండి మీద తెచ్చే తాత్కాలిక టవర్ పెట్టించమని పంచాయతీ తరఫున ముందుగానే కంపెనీలకి అర్జీ పెట్టండి, అది అడగదగిన కోరికే.

ప్రశ్న: నేను భీమవరంలో బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. గేమ్ థియరీతో వైర్‌లెస్ వనరుల పంపిణీ అని ప్రాజెక్టు ఇచ్చారు. నాష్ ఈక్విలిబ్రియం కనుక్కుంటే చాలంటున్నారు. అది దొరికితే న్యాయంగా పంచినట్టేనా? ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: కాదు. ఇక్కడే చాలామంది ప్రాజెక్టులు దారి తప్పుతాయి కాబట్టి వివరంగా చెబుతాను. గేమ్ థియరీ అంటే, ఒకరి లాభం మిగతావాళ్ల ఎత్తుల మీద కూడా ఆధారపడినప్పుడు ఎవరేం చేస్తారో తేల్చే గణితం. పైన చెప్పిన బేరం వ్యాసం, మీ గైడ్ చెప్పిన ఈక్విలిబ్రియం, రెండూ నాష్‌వే, రెండూ 1950లోనే అచ్చయ్యాయి, కానీ రెండిటి పనీ వేరు. బేరం సూత్రం ఎలా పంచాలో చెబుతుంది. ఈక్విలిబ్రియం మాత్రం, ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే కథ ఎక్కడ ఆగుతుందో చెబుతుంది, అక్కడికి చేరాక ఒక్కడే తన పద్ధతి మార్చుకున్నా వాడికేమీ కలిసిరాదు. ఆ ఆగిన చోటు అందరికీ నరకం కూడా కావచ్చు.

మీ హాస్టల్ వైఫైనే తీసుకోండి. ప్రతి ఫోనూ పంపేముందు చానల్ ఖాళీగా ఉందా అని వింటుంది. ఖాళీగా ఉన్నా వెంటనే పంపదు, 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె ఎంచుకుని అన్ని స్లాట్లు ఆగుతుంది, ఒక్కో స్లాటు 9 మైక్రోసెకన్లు. ఇద్దరి ప్యాకెట్లు, అంటే పంపే డేటా ముక్కలు, గుద్దుకుంటే ఆ 15 కాస్తా 31, 63 అలా పెరుగుతూ 1023 దాకా పోతుంది. అంటే రద్దీ ఉన్నకొద్దీ అందరూ కాస్త వెనక్కి తగ్గాలని నిబంధన. ఇప్పుడు ఒకడు తన ల్యాప్‌టాప్‌లో వైఫైని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మార్చి ఎప్పుడూ 0 గానీ 1 గానీ ఎంచుకునేలా పెట్టుకున్నాడు. రాత్రిపూట ఎవరూ చూడకుండా తూము లేపుకున్నట్టే, మిగతావాళ్లంతా ఆగుతుంటే ప్రతిసారీ వాడే ముందు పంపుతాడు. అది చూసి రెండోవాడూ అదే చేస్తే? ఇద్దరూ మాటిమాటికీ గుద్దుకుంటారు. అందరూ చేస్తే హాస్టల్‌లో ఒక్కడికీ నెట్ రాదు. అయినా వాళ్లలో ఏ ఒక్కడూ తనొక్కడే పద్ధతిగా మారితే బాగుపడడు, కాబట్టి లెక్క ప్రకారం అది ఈక్విలిబ్రియమే! దాన్ని కనుక్కుని రిపోర్టులో రాసేస్తే పని సగమే అయినట్టు.

మిగతా సగం, అసలు విలువైనది, నిబంధన మార్చడం. మోసం చేస్తే గిట్టుబాటు కాకుండా ఏం చెయ్యాలి? 2005లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో కొందరు పరిశోధకులు ఇదే వైఫై మోసాన్ని ఆటగా రాసి, ఎక్కువ తిన్నవాడి ప్యాకెట్లని మిగతావాళ్లు కావాలని చెడగొట్టే శిక్ష పెడితే అందరూ మంచి స్థితిలో నిలబడతారని చూపించారు. పెద్దమనుషులుగా ఉండండని బతిమాలే పద్ధతికి గేమ్ థియరీలో చోటు లేదు, స్వార్థపరుడు కూడా తన లాభం కోసమే సవ్యంగా నడుచుకునేలా ఏర్పాటు ఉండాలి.

న్యాయాన్ని కొలవడానికి మీకు జైన్ సూచిక చెప్పి ఉంటారు, రాజ్ జైన్ తన సహచరులతో 1984లో ఇచ్చింది. అందరి స్పీడుల మొత్తాన్ని వర్గం చేసి, దాన్ని మనుషుల సంఖ్యతోనూ స్పీడుల వర్గాల మొత్తంతోనూ భాగించాలి. 1 వస్తే సంపూర్ణ సమానత్వం. పై లెక్కలో 10, 1 అనే పంపకానికి వేసి చూడండి: 121ని 202తో భాగిస్తే 0.6. మరి ఇద్దరికీ అందిన టైము మీద అదే సూచిక వేస్తే సరిగ్గా 1 వస్తుంది. ఏది సమానంగా ఉండాలో ముందు మీరు తేల్చుకోకపోతే సూచిక ఏమీ తేల్చదు. వైఫైలో ఈ తేడా నిజంగా దెబ్బ కొట్టింది కూడా. పాత వైఫై అందరికీ సమానంగా ఇచ్చేది టైము కాదు, ప్యాకెట్ పంపే అవకాశం. దాంతో వరండా చివర 1 ఎంబీపీఎస్ మీద నడిచే ఒక్క ఫోను తన ప్యాకెట్‌తో చానల్‌ని అంతసేపూ పట్టుకుని కూర్చునేది, రూటర్ పక్కన 11 ఎంబీపీఎస్ మీద ఉన్నవాడు కూడా 1 ఎంబీపీఎస్ కన్నా కిందికి పడిపోయేవాడు. 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు దీన్ని లెక్కతో బయటపెట్టారు. ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అని ఇప్పటి రూటర్లలో కనపడే సెట్టింగ్ దీనికి విరుగుడే.

ప్రాజెక్టు ఇలా నడపండి: ముందు ఇద్దరితో చేత్తో లెక్క వేసి, తర్వాత 20 ఫోన్లతో సిమ్యులేషన్ రాయండి. ప్రతి ఫోనుకీ మోసం చేసే అవకాశం ఇవ్వండి. ఈక్విలిబ్రియం దగ్గర అందరి స్పీడుల గుణకారం ఎంత, సాధ్యమైన వాటిలో మంచి పంపకం దగ్గర ఎంత, ఈ రెండిటి మధ్య దూరం చూపించండి. ఆ తర్వాత ఒక శిక్షో, ఒక ధరో పెట్టి ఆ దూరం ఎంత తగ్గిందో గ్రాఫ్ వెయ్యండి. వైవాలో ధైర్యంగా మాట్లాడగలుగుతారు, టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో అందరికీ వైఫై ఉంది. పక్క ఫ్లాట్ వాళ్లు పెద్ద యాంటెన్నాల రూటర్ కొన్నాక మాది స్లో అయింది, మేమూ పెద్దది కొన్నాం, ఇప్పుడు పైవాళ్లూ కొన్నారు. డబ్బులు పోయాయి గానీ అందరిదీ ముందుకన్నా అధ్వానంగా ఉంది. ఏం చెయ్యాలండీ?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ అపార్ట్‌మెంట్లో జరిగింది సరిగ్గా పుస్తకాల్లో ఉన్నట్టే జరిగింది. అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీలో డేవిడ్ గుడ్‌మన్, నారాయణ్ మాండయమ్ 2000 ప్రాంతంలో సెల్‌ఫోన్ల గురించి ఇదే రాశారు. ప్రతి ఫోనూ తన బ్యాటరీకి ఎక్కువ ఫలితం వచ్చేలా తన పవర్ తనే ఎంచుకుంటే అందరూ అవసరానికి మించిన పవర్ దగ్గర ఆగిపోతారు, అందరూ కలిసి కాస్త తగ్గించుకుంటే ప్రతి ఒక్కరూ ఇంకా బాగుపడతారు, కానీ ఒక్కరే తగ్గిస్తే ఆ ఒక్కరే నష్టపోతారు. అందుకే సెల్ నెట్‌వర్కుల్లో ఆ నిర్ణయం ఫోనుకి వదల్లేదు. 3జీలో టవరే సెకనుకి 1500 సార్లు ఫోనుకి పవర్ పెంచమనో తగ్గించమనో చెబుతుంది.

వైఫైకి అలా పైనుంచి చెప్పేవాళ్లు లేరు. పవర్ పెంచితే ఇంకో చిక్కు, మీ రూటర్ ఇంకో నాలుగు ఫ్లాట్లకి వినపడుతుంది, వినపడిన ప్రతి రూటరూ మీది ఆగేదాకా ఆగాలి, వాళ్లవి మీకు వినపడితే మీదీ ఆగాలి. పైగా మీ ఫోను యాంటెన్నా పెరగలేదు కదా, అది తిరిగి పంపేది ఎప్పటిలాగే బలహీనంగానే ఉంటుంది.

అసోసియేషన్ మీటింగ్‌లో ఒక్క పావుగంట దీనికి కేటాయించండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 చానళ్లు మాత్రమే. పక్కపక్క ఫ్లాట్లకీ, పైకీ కిందకీ ఒకే నంబరు రాకుండా ఈ మూడూ పంచుకోండి. ఎవరైనా తెలివిగా 3 పెట్టుకుంటే 1నీ చెడగొడతారు, 6నీ చెడగొడతారు, తమదీ చెడగొట్టుకుంటారు. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, పవర్ మీడియంకి తగ్గించి, టీవీ, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, అది గోడలు దాటి పెద్దగా పోదు కాబట్టి పక్కవాళ్లకి అడ్డం రాదు. ఒకసారి పంచుకున్నాక చానల్ గొడవ మళ్లీ మొదలవుతుందనే బెంగ వద్దు, ఆ తర్వాత ఎవరు చానల్ మార్చినా ఇంకొకరి మీద పడి తామే నష్టపోతారు, అందుకని ఎవరూ కదలరు. ఇదీ ఈక్విలిబ్రియమే, మంచి రకం.

ప్రశ్న: ఎక్కువ డబ్బు కట్టేవాళ్లకి నెట్ ముందు ఇస్తే తప్పేంటి? వ్యాపారస్తులకి అవసరం ఎక్కువ కదా.
– ఒక వ్యాపారి, తణుకు

జవాబు: తప్పని గేమ్ థియరీ అనదు. పైన చెప్పిన కెల్లీ సూత్రంలోనే దీనికి చోటుంది, ఎవరు ఎంత కడతామంటే వాళ్ల వంతుకి అంత బరువు వేస్తారు, రద్దీని బట్టి ధర మారుతుంది. ఎవరికీ ధరను తామే ఆడించేంత బలం లేనప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. ఒక్క పెద్ద చెయ్యి పడితే ఆ లెక్క నిలవదు. ఏ యాప్, ఏ వెబ్‌సైట్ అన్నదాన్ని బట్టి డేటాకి వేరువేరు రేట్లు పెట్టకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిబంధన తెచ్చింది, అది మంచి పని. పెద్ద ప్యాక్ కొనుక్కోవడం వేరు, దానికి అభ్యంతరం లేదు. కానీ 112కి చేసే అత్యవసర కాల్‌ని ఎప్పుడూ ఏ ధరతోనూ ముడిపెట్టకూడదనే నా అభిప్రాయం.

ప్రశ్న: నమస్కారమండీ. మాకు రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ చూసే సెన్సర్లు పెట్టించాను, అవి లోరా (తక్కువ కరెంటుతో చిన్న మెసేజీల్ని దూరం పంపే రేడియో పద్ధతి) మీద షెడ్డు దాకా పంపుతాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. ఇప్పుడు చుట్టుపక్కల చెరువులన్నిటికీ పెట్టించారు, తెల్లవారుజామున సరిగ్గా అవసరమైన టైములో రీడింగులు రావట్లేదు. పెట్టినాయన ఎస్ఎఫ్ అనే సెట్టింగ్‌ని 12కి పెంచితే సరిపోతుందంటున్నాడు. పెంచమంటారా?
– ఒక ఆక్వా రైతు, ఉండి మండలం

జవాబు: పెంచొద్దండీ. మన దేశంలో లోరా వాడే 865–867 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మీ సెన్సరు గానీ పక్కాయన సెన్సరు గానీ మామూలుగా ముందు విని చూడవు, టైమైతే పంపేస్తాయి. ఇది 1971లో హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ నడిపిన అలోహా పద్ధతే. ఆ పద్ధతిలో ఎంత బాగా నడిచినా చానల్ టైములో 18 శాతానికి మించి పనికిరాదు, ఆపైన పంపేకొద్దీ గుద్దుకోవడం పెరిగి చేరేది తగ్గుతుంది.

ఇప్పుడు ఎస్ఎఫ్ సంగతి. అది 7 నుంచి 12 దాకా ఉంటుంది. ఒక్కో మెట్టు పెంచితే సిగ్నల్ ఇంకాస్త దూరం పోతుంది కానీ అదే మెసేజికి పట్టే టైము దాదాపు రెట్టింపవుతుంది. 20 బైట్ల రీడింగ్ ఎస్ఎఫ్ 7లో సుమారు 60 మిల్లీసెకన్లలో అయిపోతుంది, 12లో సెకను దాటుతుంది. మీరొక్కరే 12 పెట్టుకుంటే ఎక్కువ ఎస్ఎఫ్‌కి అందే బలం వల్ల మీకు కొన్నాళ్లు మేలు కనపడొచ్చు. అది చూసి గట్టు అవతలాయనా పెంచుతాడు, ఆ అవతలాయనా పెంచుతాడు, అందరూ 12 మీదికి చేరాక ప్రతి మెసేజీ సెకను పైన చానల్‌ని పట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అప్పుడు వెనక్కి రావడానికి ఎవరూ ముందుకు రారు.

తెల్లవారుజామునే ఎందుకు పోతున్నాయంటే, రాత్రంతా నీళ్లలోని నాచు, ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందే అది బాగా అడుగంటుతుంది. ఆ టైములో ఎక్కువసార్లు పంపేలా అందరి సెన్సర్లకీ ఒకేలా సెట్ చేసి ఉంటారు, దాంతో అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. చుట్టుపక్కల రైతులంతా ఒకసారి కూర్చోండి. షెడ్డుకి దగ్గర చెరువులన్నీ ఎస్ఎఫ్ 7 లేదా 8లో ఉండాలి, నిజంగా దూరమున్నవాటికే పెద్ద ఎస్ఎఫ్ వదలాలి. ఒక్కొక్కరూ ఒక్కో గేట్‌వే (సెన్సర్ల మెసేజీలు అందుకునే పెట్టె) పెట్టుకునే బదులు అందరూ కలిసి మధ్యలో ఎత్తుగా మంచిది ఒకటి పెట్టుకుని ఒకే సర్వర్ మీద నడిపితే ఏడీఆర్ అనే ఏర్పాటు ఏ సెన్సరుకి ఎంత ఎస్ఎఫ్ చాలో తనే చూసుకుంటుంది, అప్పుడు పోటీపడి పెంచుకునే అవసరమే ఉండదు. రీడింగ్ మామూలుగా ఉన్నంతసేపూ అరగంటకోసారి పంపితే చాలు, లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగినప్పుడు మాత్రం వెంటవెంటనే పంపేలా పెట్టించండి. ఖర్చు ఎకరాల లెక్కన వేసుకుంటే గొడవ రాదు.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముందు చెయ్యండి. నీళ్లకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆన్ కావడం అనేది ఆ మెసేజి షెడ్డుకి చేరడం మీద ఆధారపడి ఉండకూడదు. గట్టు మీదున్న సెన్సర్ బాక్సు నుంచి ఏరియేటర్ స్టార్టర్‌కి నేరుగా వైరు లాగించి, అక్కడే ఒక సైరన్ కూడా పెట్టించండి. చానల్ ఎంత రద్దీగా ఉన్నా ఏరియేటర్ తిరుగుతుంది.